గాలిగొట్టానికి మూత

ఆ చలికాలం మేం మా ఇంటి గోడకు కన్నం తొలిచాం. పిడికిలి దూరేంత కన్నం. మనవడు మా దగ్గర ఉండాలంటే అది తప్పదన్నారు, తొలిచాం.

అమారోకి అప్పటికి మూడేళ్లు. వాడి తల్లి, మా అమ్మాయి యానిరా, చకబూకో రేవులో చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. పదిరోజులు అక్కడ, నాలుగు రోజులు ఇక్కడ. ఆ పదిరోజులూ పిల్లాడు నా దగ్గరే. భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న మా కొయ్‌హైకేలో మే నుంచి ఆగస్టు దాకా చలికాలం, అది వస్తే పిల్లలందరికీ దగ్గు ఉంటుంది. అమారోది ఉత్త దగ్గు కాదు. ఊపిరి లాగినప్పుడల్లా వాడి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడేది. మే నెలలో రెండోసారి ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నప్పుడు పిల్లల డాక్టరు యానిరాకి ఒకటే మాట చెప్పింది: కట్టెలు కాల్చే ఇంట్లో ఈ పిల్లాణ్ణి ఇంకో చలికాలం ఉంచొద్దు.

యానిరా కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి ఆ మాట మా ముందు పెట్టింది.

"పొయ్యన్నా పోవాలి, మేమన్నా పోవాలి. తేల్చుకో నాన్నా."

"ఎక్కడికి పోతావే?" అన్నాడు మా ఆయన రొసామెల్.

"కోపియాపోలో కరోలా ఉంది కదా, నాతో చదువుకున్నది. రమ్మంటోంది. అక్కడ చలికాలం కూడా పొయ్యి వెలిగించరట."

"ఎడారిలో ఏం తింటారే, ఇసుకా?"

"ఊపిరి పీలుస్తారు నాన్నా."

రొసామెల్ మాతే ఆకు వేసిన గిన్నెలో తాగడానికి వేణ్నీళ్లు పోసుకున్నాడు. ఆయనది రేకుల పని. ఊళ్లో సగం ఇళ్ల పొగగొట్టాలు ఆయన చేతిమీదుగా వెళ్లినవే. పొగగొట్టాలు చేసేవాడి ఇంటి కప్పు మీద పొగ లేకపోతే జనం ఏమనుకుంటారని ఆయన మనసులో ఉండే ఉంటుంది. కానీ మర్నాడు పొద్దున్నే వెళ్లి పొయ్యిలు మార్చే ప్రభుత్వ పథకంలో పేరు రాయించి వచ్చాడు. పాత కట్టెల పొయ్యి అప్పగిస్తే, చెక్కపొట్టు గుళికలతో మండే కొత్త పొయ్యి ఇస్తారు. ఆ పథకం వాళ్లే అంతకు మూడు నెలల ముందు మా గోడల్లో చలి ఆపే దూది కూరి, కిటికీలకు జోడు అద్దాలు బిగించి వెళ్లారు.

జూన్ మొదటివారంలో ఇద్దరు మనుషులు లారీతో వచ్చారు.

ఆ పొయ్యి మా పెళ్లయిన ఏడాది కొన్నది. వంట, రొట్టె, వేణ్నీళ్లు, తడి మేజోళ్లు, యానిరా చిన్నప్పటి చదువు, అన్నీ దాని మీదో దాని చుట్టూనో. గొట్టంలో తిరిగే మూతరేకు పిడి నా చేతికి ఎంత అలవాటంటే చూడకుండా తిప్పేదాన్ని. మాతే తాగేటప్పుడు సగం, చిక్కుళ్లు ఉడికేటప్పుడు ముప్పాతిక, ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు పూర్తిగా అడ్డం. అలా మూస్తే ఒక్క మొద్దు నాలుగు గంటలు కునుకుతుంది. ఊరంతా అలాగే మూసేది. ఊరి మీద పొగ అందుకే దిగుతోందని రేడియోలో చెప్పేవాళ్లు. మేం అది వింటూ మూసేవాళ్లం.

వాకిట్లోనే దాని పైపలకను సుత్తితో పగలగొట్టారు. మళ్లీ ఎవరికీ అమ్ముకోకుండా అలా చేయాలట. మొదటి రెండు దెబ్బలకు పగల్లేదు.

"మంచి ఇనుమమ్మా," అన్నాడు సుత్తి పట్టుకున్నవాడు, తప్పు చేసినవాడిలా. మూడో దెబ్బకు పగిలింది.

రొసామెల్ అప్పటికే పెరట్లో షెడ్డులోకి వెళ్లి రేకు కత్తిరిస్తున్నాడు. ఆ రోజు ఆయనకు ఏ పనీ లేదు.

పక్కింటి ఎర్సీరా కంచె మీద మోచేతులు ఆనించి అంతా చూసింది.

"ఏం డెల్మిరా, శవాన్ని సాగనంపుతున్నట్టు నిలబడ్డావు? ఇక గ్యాసు మీద రొట్టె కాల్చుకో, రాజధాని దొరసానిలా."

"నీది ఎప్పుడు పట్టుకుపోతారు?"

"నాది ఎత్తాలంటే దాంతోపాటు నన్నూ ఎత్తాలి. ఇద్దరు చాలరు, క్రేను తెచ్చుకోమను."

నవ్వాను. నవ్వాక ఇంట్లోకి వెళితే వంటింట్లో పొయ్యి ఉన్న చోట నేల లేత రంగులో, నలుచదరంగా కనిపించింది. అమారో ఆ చదరంలో కూర్చుని ఆడుకుంటున్నాడు.

కొత్త పొయ్యి బిగించడానికి లిబోరియో అనే మేస్త్రీ వచ్చాడు. ముప్పై దాటని మనిషి, మాట మెత్తన. పొయ్యికి ముందు అద్దం, వెనక ఫ్యాను, పైన మీటలు. మీట నొక్కితే గుళికలు గలగలమంటూ నిప్పులో రాలేవి. అమారో అద్దం ముందు బాసింపట్టు వేసుకుని "వాన పడుతోంది అమ్మమ్మా" అనేవాడు.

నాలుగు రోజులు బాగానే మండింది. ఐదో రోజు నుంచి మంట ఎర్రబడి, బద్ధకంగా ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. సాయంత్రమయ్యేసరికి అద్దం మసి. వంటింటి కిటికీ బెత్తెడు తెరిస్తే మంట లేచేది, మూస్తే పడుకునేది. తెరిస్తే చలి, మూస్తే పిల్లాడి దగ్గు.

లిబోరియో మళ్లీ వచ్చి ఒక కొవ్వొత్తి అడిగాడు. వెలిగించి వీధి తలుపు తాళం కన్నం దగ్గర పట్టాడు. మంట వంగి ఇంట్లోకి చూసింది.

"చూశారా రొసామెల్‌గారూ? మీ ఇల్లు తాళం కన్నంలోంచి ఊపిరి పీలుస్తోంది."

"మేస్త్రీ, నీ అంత కొడుకు ఉండాల్సినవాణ్ణి, నాకు పొయ్యి గురించి చెబుతావా? పొయ్యి గదిలో గాలి తాగితేనే గది శుభ్రం. మా నాన్న చెప్పాడు, ఆయన నాన్న ఆయనకి చెప్పాడు."

"ఆ ఇళ్లల్లో పలకకీ పలకకీ మధ్య వేలు దూరేదండీ. ఇప్పుడు మీది బిరడా బిగించిన సీసా. లోపలున్నది ఒకటే గాలి. పొయ్యి అదే తాగాలి, బాబు అదే తాగాలి."

అందరం అమారో వైపు చూశాం. వాడు అద్దం మీద వేలితో మసి గీకుతున్నాడు.

"మరేం చెయ్యాలి?" అన్నాను.

"బయటి గాలి నేరుగా పొయ్యి వెనక్కి వెళ్లేలా గొట్టం వెయ్యాలమ్మా. అప్పుడు పొయ్యి దారి పొయ్యిది, మీ దారి మీది. మా వాళ్లు వసంతంలో వేస్తారు. సామాను రావాలి."

"గజం రేకు గొట్టానికి వసంతం దాకా ఆగుతామా?" అన్నాడు రొసామెల్. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. "అది నా పని."

"అయితే చెయ్యండి. ప్లాస్టిక్కు వద్దు, ఇనుపదే. బయటికి కొంచెం వాలు ఇవ్వండి, నీళ్లు లోపలికి రాకుండా. మూతి కిందికి వంచి, ఎలకలు దూరకుండా జాలీ కొట్టండి. మంచు పేరుకునే ఎత్తుకి పైన ఉండాలి. పొగ బయటికొచ్చే చోటికి దూరంగా." గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ తల ఎత్తాడు. "ఇంకొకటి. దానికి మూత పెట్టకండి."

"మూత లేని గొట్టం నా షెడ్డు దాటి ఇంతవరకూ బయటికెళ్లలేదు."

"ఇది వెళ్లాలండీ. ఎంత గాలి కావాలో ఈ పొయ్యి తనే కొలుచుకుంటుంది."

"ముప్పయ్యేళ్లు ఈ ఊళ్లో పొయ్యిలకి గాలి కొలిచింది నేనబ్బాయ్," అన్నాడు రొసామెల్. నవ్వుతూనే అన్నాడు.

యానిరా ఇంట్లో ఉన్న శనివారం నాడు గోడ తొలిచాం. బయట రేకు, తర్వాత పచ్చటి దూది, తర్వాత లోపలి పలక. నేను కింద దుప్పటి పరిచి పట్టుకున్నాను, యానిరా దీపం చూపించింది. పలక ఇవతలికి తొలిచే మర తేలగానే కన్నంలోంచి చలి నీళ్లధారలా వచ్చి నా మెడ మీద పడింది.

"ఇదిగో, కొండలన్నీ మన వంటింట్లోకొచ్చేశాయి," అన్నాడు రొసామెల్. "కుర్చీలు వెయ్యండి."

ఎర్సీరా కంచె అవతల నుంచి, "మీ గోడకి ముక్కు మొలిచిందేమిటే! చీమిడి వస్తే ఎవరు తుడుస్తారు?" అని కేకేసింది. యానిరా పగలబడి నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

గొట్టం బిగించి చుట్టూ సందులు పూడ్చి పొయ్యి వెలిగించాం. మంట నిటారుగా లేచింది, తెల్లటి పసుపు. కొవ్వొత్తిని మళ్లీ తాళం కన్నం దగ్గర పట్టాం. వంగలేదు. మర్నాడు పొద్దున యానిరా పిల్లాడి చొక్కా పైకెత్తి వీపు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఈల లేదమ్మా," అంది. తర్వాత తండ్రి దగ్గరికి వెళ్లి మసి పట్టిన ఆ రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఇక్కడే ఉంటాం నాన్నా. ఎక్కడికీ పోం."

సోమవారం అది చకబూకో బస్సెక్కాక, పొయ్యి వెనక ఊడుస్తుంటే చూశాను. గోడకూ పొయ్యికీ మధ్య జానెడు గొట్టం కనిపిస్తుంది. దాని మీద ఒక చిన్న పిడి ఉంది.

"ఆ అబ్బాయి వద్దన్నాడుగా ముసలోడా?"

"పొయ్యి ఆర్పేసినప్పుడు మాత్రమే. లేకపోతే ఆ గొట్టంలోంచి ఇంట్లోకి మంచు దిగుతుంది. మండుతున్నప్పుడు ముట్టుకోకు. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే..."

"నాకా చెబుతున్నావు?" అన్నాను.

జులైలో గుళికల బస్తాలకు కరువొచ్చింది. ఉత్తరం నుంచి రావలసిన లారీలు పడవల కోసం ఆగిపోయాయన్నారు, కనుమలో మంచన్నారు. దుకాణం ముందు తెల్లవారకముందే వరస. ఇంటికి రెండు బస్తాలు, వారానికోసారి. కట్టెలైతే పెరటి నిండా ఉన్నాయి, కాల్చడానికి పొయ్యి లేదు. బయట నీళ్ల కుళాయి పగిలేంత చలి. నేను బడి వంటింట్లో పని చూసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేదాన్ని. రాగానే మొదట బస్తాలోకి చూసేదాన్ని, తర్వాత పిల్లాణ్ణి. అలాంటి ఒక రోజు పొయ్యి వెనక్కి చెయ్యి పెట్టి ఆ పిడిని సగం తిప్పాను.

ఏమీ కాలేదు. మంట నెమ్మదించింది, అంతే. పాత పొయ్యి కునికినట్టే ఇదీ కునికిందనుకున్నాను. అద్దం మసి పట్టేది. రొసామెల్ షెడ్డులోంచి వచ్చేలోపు తడి కాగితం బూడిదలో అద్ది తుడిచేసేదాన్ని, పిడిని మళ్లీ తిన్నగా పెట్టేదాన్ని. బస్తా ఒక రోజు ఎక్కువ వచ్చిందో, నేనే అలా లెక్కవేసుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఆయనకు చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అనిపించలేదు. ఇంట్లో పొయ్యి మూత ఎప్పుడూ నా చేతిలో పనే.

ఆ ఆదివారం పొద్దుట నుంచి గాలివాన, మంచుతో కలిసి. భోజనమయ్యాక అమారోని పొయ్యికెదురుగా బల్ల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. వాడికి బాగానే ఉంది. దగ్గు లేదు. అన్నం కూడా మారు అడిగి తిన్నాడు. బస్తాలో అడుగున రెండు దోసిళ్ల గుళికలున్నాయి. ఎర్సీరా వాళ్లక్క కొడుకు లారీ నడుపుతాడు, మాకోసం ఒక బస్తా దాచి ఉంచాడని ఆవిడ పొద్దున్నే కేకేసి చెప్పింది. తెచ్చుకుందామని శాలువా కప్పుకున్నాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పిడిని అడ్డంగా తిప్పాను. పూర్తిగా. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు తిప్పినట్టు.

షెడ్డు దగ్గర ఆగి, "వాడు పడుకున్నాడు. ఎర్సీరా దగ్గరికెళ్లొస్తా," అన్నాను.

"తొందరగా రా, అది మొదలుపెడితే మూడు కెటిళ్లు ఖాళీ," అన్నాడు రొసామెల్.

ఎర్సీరా వంటింట్లో కట్టెల పొయ్యి ఎర్రగా కాలుతోంది. ఎన్ని రోజులయిందో అలాంటి వేడి ఒంటికి తగిలి. "కూర్చోవే, బస్తాకి కాళ్లు రావు," అంటూ మాతే గిన్నె నా చేతిలో పెట్టింది. ఒక గిన్నె తాగాను. రెండోది తాగుతుండగా దీపం పోయింది.

"పోయింది కరెంటు," అంది ఎర్సీరా. "పోతే పోనీ, నా పొయ్యికి కరెంటుతో పనేముంది? మీ దొరసాని పొయ్యి ఏం చేస్తుందో మరి."

"ఆరిపోతుంది. దానంతటదే ఆరిపోతుందని చెప్పాడు మేస్త్రీ," అన్నాను. నిజమే, అలాగే చెప్పాడు. మూడో గిన్నె కూడా తాగాను.

బస్తా భుజాన వేసుకుని మంచులో అడుగులు వేసుకుంటూ వస్తుంటే మా వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. రొసామెల్ మంచులో మోకాళ్ల మీద ఉన్నాడు, ఒళ్లో అమారో, చుట్టూ తన కోటు. పిల్లాడి నోటి పక్కన వాంతి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. ప్రతి ఊపిరికీ ఈల.

"వాసనొచ్చింది," అన్నాడు రొసామెల్. "షెడ్డులోకి వాసనొచ్చింది. బండి పిలువు. ఎర్సీరాని పిలువు, ఎవర్నన్నా పిలువు."

ఎర్సీరా అక్క కొడుకు లారీలోనే తీసుకెళ్లాం. దుప్పటి కోసం నేను లోపలికి పరిగెత్తినప్పుడు గది నిండా నీలంగా, నడుము ఎత్తున పొగ ఇంకా ఉంది. గుళికలు పోసే పెట్టె సందులోంచి సన్నగా వస్తోంది. వంగి పొయ్యి వెనక్కి చూశాను.

పిడి గొట్టం వెంబడి ఉంది. తిన్నగా.

నేను దాన్ని అడ్డంగా తిప్పి వెళ్లాను. ఇంట్లోకి నాకంటే ముందు వచ్చింది ఒక్కడే.

ఆసుపత్రిలో వాణ్ణి ఆక్సిజన్ గుడారంలో పెట్టారు. కనుమ మూసేయడంతో యానిరా మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేకపోయింది. అప్పటికే అగ్నిమాపకదళం నుంచి ఒకాయన ఇల్లు చూసి వచ్చి, కాగితం పట్టుకుని వరండాలో మా ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాక్టరీ బూట్లతోనే, చేపల వాసనతో యానిరా వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"కరెంటు పోయి ఫ్యాను ఆగినా, బయటి గాలి తగులుతుంటే పొగ గొట్టంలోంచే పైకి పోయేది," అన్నాడాయన. "గాలి అందక ఇంట్లోకి తిరిగొచ్చింది. గొట్టానికి ఒక మూత చూశాను. అది ఉండకూడదు. తెరిచే ఉంది మరి. ముందు మూసి ఉందా?"

"మూసి ఉంది," అన్నాడు రొసామెల్.

"ఎవరు మూశారు?" అంది యానిరా.

నేను నోరు తెరిచాను. తెరిచానని నాకు బాగా గుర్తు. 

"నేనే," అన్నాడు రొసామెల్. "మూత పెట్టిందీ నేనే, మూసిందీ నేనే. గుళికలు మిగులుతాయని."

యానిరా ఆయన ముఖంలోకి చూసింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"ఆ మేస్త్రీ వద్దన్నాడని నీకు తెలుసు కదా నాన్నా."

"తెలుసు."

"తెలిసి చేశావు."

"అవును."

లోపలి నుంచి నర్సు వచ్చి "అమారో వాళ్లమ్మ?" అని పిలిచింది. యానిరా వెళ్లిపోయింది. కాగితం ఆయన ఏదో రాసుకుని లేచాడు. వరండాలో మేం ఇద్దరం మిగిలాం.

"రొసామెల్," అన్నాను.

"ఊరుకో."

"చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్లి..."

"చెప్పి? ఇద్దర్నీ వదులుకుంటుంది. పిల్లాడి దగ్గరికి వెళ్లడానికి మనలో ఒకళ్లకన్నా దారి ఉండాలి." ఆయన నా ముఖం చూడలేదు, తన చేతుల వైపు చూసుకుంటూ అన్నాడు. "మూత చేసింది నేనే కదా. ఎలాగూ సగం నాదే."

మిగతా సగం గురించి ఆయన అప్పుడూ మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు.

అమారో బతికాడు. తొమ్మిది రోజులకు బయటికొచ్చాడు. కానీ మెట్లెక్కితే ఆగేవాడు, నాలుగు అడుగులు పరిగెత్తి కూర్చుండిపోయేవాడు. యానిరా మా ఇంటికి తీసుకురాలేదు. మా ఊళ్లోనే కరోలాకి తెలిసిన ఇంట్లో గది తీసుకుని సెప్టెంబరు దాకా అక్కడే ఉంచింది. నేను రోజూ వెళ్లేదాన్ని. గంజి కాచేదాన్ని, మందు పట్టేదాన్ని. నా చేతికి పిల్లాణ్ణి ఇచ్చి అది హాయిగా నిద్రపోయేది. రొసామెల్ ఒకసారి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "తాతా!" అని పిల్లాడు లేవబోతే యానిరా వాడి భుజం పట్టుకుంది, గట్టిగా కాదు.

"పరిగెత్తకూడదు నాన్నా వాడు," అంది. ఆయన టోపీ చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

రొసామెల్ ఆ మూతను కోసేసి, దాని చోట తిన్నటి గొట్టం ముక్క పెట్టాడు. ఆగస్టు చివర లిబోరియో తనిఖీకి వచ్చి, వంగి చూసి, చేత్తో తట్టి, ఎంత చక్కగా చేశారండీ అన్నాడు. నిజంగానే చక్కగా మండేది. అద్దం తళతళలాడేది. ఇల్లంతా వెచ్చగా, పొగ లేకుండా, దగ్గు లేకుండా ఉండేది. మేం ఇద్దరం ఆ వెచ్చదనంలో ఎదురెదురుగా కూర్చుని గుళికలు రాలడం వినేవాళ్లం. ఆ చప్పుడు నాకు పడేది కాదు. ఆర్పెయ్యమంటే ఆర్పేసేవాడు. చలిలో కూర్చునేవాళ్లం.

సెప్టెంబరులో యానిరా పిల్లాణ్ణి తీసుకుని కోపియాపో వెళ్లిపోయింది. బస్టాండులో నన్ను కావలించుకుని ఏడ్చింది. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నమ్మా," అంది. తండ్రి సామాను బస్సెక్కిస్తుంటే టికెట్టు వెతుక్కుంటున్నట్టు సంచిలోకి చూస్తూ ఉండిపోయింది.

అక్టోబరు చివర ఫోన్ చేసింది. హోటల్లో పని దొరికిందట, పిల్లాణ్ణి చూసుకునేవాళ్లు లేరట.

"రెండు నెలలు వచ్చి ఉండమ్మా. నువ్వొక్కదానివే."

రొసామెల్ పక్కనే ఉన్నాడు. ఫోనులో మాట ఆయనకు వినపడుతూనే ఉంది. నేనేమీ అనకముందే లేచి వెళ్లి మంచం కింద నుంచి నా సూట్‌కేసు లాగి దుమ్ము తుడిచాడు.

బయల్దేరే రోజు పొద్దున కాగితంలో చుట్టిన ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు. రేకుతో చేసిన గాలిచక్రం, పుల్ల మీద తిరిగేది. ఎనిమిది రెక్కలు, ఎరుపూ నీలమూ రంగులు.

"సంతలో కొన్నానని చెప్పు," అన్నాడు.

కోపియాపోలో అమారో నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. ఆగకుండా, గుమ్మం నుంచి గేటు దాకా. ఎండకు నల్లబడ్డాడు. బుగ్గలు వచ్చాయి. పొట్లం విప్పి గాలిచక్రం చూడగానే నోటితో ఊదాడు. ఒక్క ఊదుకి గిర్రున తిరిగింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"అమ్మమ్మా, ఎవరు చేశారిది?"

యానిరా వాకిలి ఆనుకుని మమ్మల్నే చూస్తోంది.

"సంతలో కొన్నాను నాన్నా," అన్నాను.

యానిరా వచ్చి దాన్ని వాడి చేతిలోంచి తీసుకుంది. ఒక రెక్క అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా చివరిదాకా జరిపింది. అంచు లోపలికి రెండు మడతలు మడిచి, సుత్తితో నున్నగా నొక్కి ఉంది, పసివేళ్లు తెగకుండా. సంతలో వస్తువులకు ఎవరూ అలా మడవరు. రేకుల షెడ్డులో పెరిగిన పిల్లకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

రెండో రెక్క కూడా అలాగే తడిమింది. తర్వాత దాన్ని తీసుకెళ్లి అలమార మీద, పిల్లాడికి అందనంత ఎత్తులో పెట్టింది.

"అందులో కోసుకునేదేం లేదే," అన్నాను.

"చూశాను," అంది.

అమారో అలమార వైపు చేతులు చాచి ఏడుపు మొదలుపెట్టాడు. యానిరా నా వైపు తిరిగి నిలబడింది. ఏదో అడగబోతున్నట్టు, లేదా నేనేదైనా చెబుతానని ఆగినట్టు. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. తలుపు మూసి ఉంది. తొందరేమీ లేదు ఎవరికీ.

"పొద్దుపోతోంది," అన్నాను. "ఏం వండమంటావు?"